కదలని చోటును పట్టుకున్న శఠగోపం

నేను అంత తేలిగ్గా ఆశ్చర్యపోయే మనిషిని కాను. తిరుపతి, చిత్తూరు రూటులో ఇరవై ఏడేళ్లు టిక్కెట్లు కొట్టిన కండక్టరు నారాయణను. మీసాలొచ్చిన కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని చంటిపిల్లాడని దబాయించిన తల్లులను చూశాను. గంపలో కోళ్లను దాచి, అవి కూసినప్పుడల్లా దగ్గినట్టు నటించిన పెద్దమనుషులను చూశాను. మనుషుల మీద నాకు పెద్ద భ్రమలేమీ లేవు. నా నోరు కూడా మంచిది కాదని మా ఆవిడే అంటుంది. అయినా ఒకే ఒక్కసారి, ఒక తగరపు రేకుల షెడ్డులో, నోరు తెరుచుకుని దణ్ణం పెట్టాలో పెట్టకూడదో తెలియక నిలబడిపోయాను. నన్నట్లా నిలబెట్టినవాడు మా మెకానిక్కు శఠగోపం. ఆయన పోయి పదేళ్లు దాటింది. ఆయన సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

పేరు చూసి నవ్వకండి. మా షెడ్డులో అందరం ముందే నవ్వేశాం. పందొమ్మిది వందల ముప్పై ఆరులో ఆయన చేరిన రోజున డ్రైవరు గోవిందయ్య నా చెవిలో, "పేరే శఠగోపమంట. మన మొదలాళికి పెట్టకుండా ఉంటే సాలు" అన్నాడు. మొదలాళి అంటే మా యజమాని సుబ్రమణ్యం మొదలియారు. ఆయనకు ఉన్నవి రెండు బస్సులే గానీ నాలుగు బస్సులకు సరిపడే కోపం ఉండేది.

శఠగోపం వాళ్ల ఇల్లు గోవిందరాజస్వామి గుడి పక్క వీధుల్లో. తండ్రి దేవనాథన్ గారు నిష్ఠ గల శ్రీవైష్ణవులు. ఉత్సవాల్లో దివ్యప్రబంధం పాశురాలు చదివేవారు. ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే వెళ్లి దిక్కులు తేల్చి ముగ్గు పోయించేవారు. కొడుక్కి కూడా పాశురాలు కంఠతా వచ్చు. అయితే పదహారో ఏట రేణిగుంటలో బంధువుల పెళ్లికి వెళ్లి, పందిట్లో కూర్చోకుండా రైలు ఇంజిన్లు బాగుచేసే చోట రెండు రోజులు నిలబడ్డాడట. పెళ్లి భోజనం కూడా తినలేదట. ఆ తర్వాత ఎవరెంత తిట్టినా వినకుండా అక్కడే ఒక ఫిట్టరు దగ్గర ఆరేళ్లు పని నేర్చుకుని మోటారు బండ్లలోకి వచ్చాడు. నూనె, మసి ఒంటినిండా ఉన్నా నొసట తిరునామం మాత్రం గీసినది గీసినట్టుండేది. ఆయన భార్య కోమలవల్లి గారి రాజ్యంలో షెడ్డు బట్టలకు ప్రవేశం లేదు. పెరటి దోవన వచ్చి, బావి దగ్గర స్నానం చేసి, అప్పుడు ఇంట్లో కాలు పెట్టాలి. ఆయన కూడా దానికి ఏనాడూ విసుక్కోలేదు.

పనిలో ఆయనది ఒకటే మాట. చెవి మోసం చేస్తుంది, కొలత చెయ్యదు. మిగిలిన మేస్త్రీలు ఇంజిను చప్పుడు విని తల ఊపి, అటూ ఇటూ తిప్పి సరిపెట్టేవాళ్లు. ఈయన మాత్రం దారంతోనో రేకు ముక్కతోనో కొలిచి గానీ దేన్నీ బిగించేవాడు కాదు. గోవిందయ్య ఎగతాళి చేసేవాడు. "సామీ, నువ్వు అన్నం గూడా కొలిసే తింటావా?" అనేవాడు. "నేను కొలవను, మా ఇంట్లో కొలిసి పెడతారు" అని ఈయన జవాబు. ఎగతాళి చేస్తూనే గోవిందయ్య ఆయన చెయ్యిపడని బండి ఎక్కేవాడు కాదు. ఏడేళ్లు ఇద్దరూ ఒకే బండిని చూసుకున్నారు, ఒకరు లోపలినుంచి, ఒకరు బయటినుంచి.

ఇంతలో యుద్ధం ముదిరింది. నలభై మూడుకల్లా పెట్రోలు కంటికి కనబడకుండా పోయింది. బస్సుల వెనక నీళ్లకాగుల్లాంటి పెద్ద డ్రమ్ములు బిగించి, అందులో బొగ్గు కాల్చి, ఆ పొగలోంచి వచ్చే గ్యాసుతో నడపాల్సి వచ్చింది. ఆ బండ్ల భాగ్యం ఏమని చెప్పను! చదును నేల మీద నడిచేవి. కాస్త మెట్ట వస్తే నిట్టూర్చేవి. అప్పుడు నేను, "దిగండప్పా దిగండి, తొయ్యండి" అని అరిచేవాణ్ణి. డబ్బులిచ్చి ఎక్కి, బస్సును మోసుకుపోవాల్సి వచ్చిన జనం నన్ను తిట్టేవాళ్లు. నేనూ తిరిగి తిట్టేవాణ్ణి. యుద్ధం అంటే మాకు అదే.

జరిగింది అర్థం కావాలంటే ఇంజిను సంగతి కొంచెం చెప్పాలి. ఇంజినులో పిస్టను అనేది సిలిండరు అనే ఒక గొట్టంలో పైకీ కిందికీ ఆడుతుంది. అది కొసకంటా పైకి వెళ్లి, ఇక కిందికి దిగబోయే చోటును మెకానిక్కులు టాప్ డెడ్ సెంటరు అంటారు. నిప్పురవ్వ ఎప్పుడు పడాలన్న లెక్కంతా ఆ కొస నుంచే. పిస్టను ఇంకా పైకి వస్తూ, కొస కొంచెం దూరంలో ఉందనగా రవ్వ పడాలి. బొగ్గు గ్యాసు మందకొడిగా మండుతుంది కాబట్టి ఇంకాస్త ముందు పడాలి. మరీ ముందు పడిందా, మంట పైకి వస్తున్న పిస్టనును ఎదురు తన్నుతుంది. ఆ తన్ను, బండిని స్టార్టు చేయడానికి ముందు నిలబడి హ్యాండిలు తిప్పుతున్న మనిషి చేతికి తగులుతుంది. కొస ఎక్కడుందో చూసుకోవడానికి ఇంజిను వెనక తిరిగే ఫ్లైవీలు అనే పెద్ద చక్రం మీద ఒక గీత ఉంటుంది. దాని పక్కన కదలకుండా ఒక సూది ఉంటుంది. గీత సూదికి ఎదురుగా వస్తే పిస్టను కొసన ఉన్నట్టు. మెకానిక్కులందరికీ ఆ గీతే వేదం.

ఆ ఏడు ఆయుధపూజ అయిన వారానికి, కొత్తగా డ్రమ్ము బిగించిన మా బండికి శఠగోపం గీతను చూసి, కొలిచి, గ్యాసుకు తగ్గట్టు రవ్వను ముందుకు జరిపాడు. ఆదివారం పొద్దున గోవిందయ్య హ్యాండిలు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. హ్యాండిలు ఎదురు తిరిగింది. చెరుకుగడ విరిగినట్టు ఒక చప్పుడైంది. గోవిందయ్య అరవలేదు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని బంపరు కింద కూర్చుండిపోయాడు. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు.

నేనే ఆయన్ను రైల్లో పుత్తూరు తీసుకుపోయాను. మా వైపు ఎముక విరిగితే ఎవరైనా పోయేది అక్కడికే. కోడిగుడ్డు సొన, ఆకు పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. కట్టేటప్పుడు గోవిందయ్య పళ్లు కరుచుకుని, "నారాయణా, సామిని ఏమీ అనొద్దని సెప్పు మొదలాళితో" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. చెయ్యి విరగ్గొట్టినవాణ్ణి ఏమీ అనకూడదా? ఆ పూట నాకు శఠగోపం మీద పీకలదాకా కోపం ఉంది, ఉన్నమాటే రాస్తున్నాను.

నేను తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. శఠగోపం మొదటి సిలిండరుకు రవ్వనిచ్చే ప్లగ్గు విప్పి, ఆ బెజ్జంలోకి చీపురుపుల్ల ఒకటి నిలబెట్టి, హ్యాండిలుతో ఇంజినును మెల్లగా తిప్పుతున్నాడు. నన్ను చూసి, "పుల్లనే సూడు నారాయణా" అన్నాడు. చూశాను. పిస్టను మీద నిలబడిన పుల్ల మెల్లగా పైకి లేచింది. లేచి, ఆగింది. చక్రం తిరుగుతూనే ఉంది. మూడు వేళ్ల వెడల్పు తిరిగినా పుల్ల వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆ తర్వాత దిగడం మొదలుపెట్టింది.

"ఇందులో కొస యాడుండాది?" అని అడిగాడు.

"ఆడే యాడో, నడాన" అన్నాను.

"యాడో అంటే సాలదు. సూస్తే గీత ఒక పక్కకు ఉన్నెట్టే ఉండాది. ఉన్నెట్టే ఉండాది అంటే సాలదు గదా. దొరల ఫ్యాక్టరీలో కొట్టిన గీతను తప్పనాలంటే నాకాడ కొలత ఉండాల. కదలనిదాన్ని ఎట్ల కొలిసేది?" అంటూ ఆయన ఆ పుల్లనే చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు గోవిందయ్య భార్య మునిరత్నమ్మ షెడ్డుకు వచ్చింది. మొగుడి చెప్పులు, తువ్వాలు తీసుకుపోవడానికి వచ్చింది. ఆమె గట్టిగా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తువ్వాలు మడుచుకుంటూ, "సామీ, నువ్వు కొలిసే పెట్టినావా?" అని అడిగింది.

"కొలిసే పెట్టినానమ్మా."

"కొలిసి పెడితే ఆయన చెయ్యి ఎందుకు ఇరిగింది?"

ఆమె కాసేపు జవాబు కోసం నిజంగానే ఎదురుచూసింది. తర్వాత చెప్పులు చేతబట్టుకుని వెళ్లిపోయింది. ఈయన స్పానర్లన్నీ ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్ది, మొదలాళి దగ్గరికి పోయి నిలబడ్డాడు. "ఆ యమ్మ అడిగినదానికి జవాబు దొరికేదాకా నేను స్పానరు ముట్టను. దొరక్కపోతే ఇంగ ఎప్పుటికీ ముట్టను" అన్నాడు.

మొదలాళి ఎగిరిపడ్డాడు. "నీ వ్రతాలకు నా బండి పండుకోవాల్నా? బేస్తవారం పొద్దున దాకా సూస్తా. ఆమీదట మద్రాసు నుంచి ఇంగొక మేస్త్రీ వస్తాడు. నువ్వు ఇంటికాడ పాశురాలు సదువుకో పో" అని కేకలేశాడు. శఠగోపం సరేనని తలూపి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తల ఊపడం చూసి నా కోపం సగం దిగిపోయింది. పెళ్లిభోజనం వదిలేసి నేర్చుకున్న పనిని వదిలేస్తానని ఒప్పుకుంటున్నాడు మరి.

మంగళవారం ఆయన జాడ లేదు. బుధవారం స్పానర్ల పెట్టె తాళంచెవి తెమ్మని మొదలాళి నన్ను వాళ్లింటికి తరిమాడు. నేను వెళ్లేసరికి గుడి దగ్గర గడియారంలో పన్నెండూ నలభై అయింది. శఠగోపం అరుగు మీద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా సరిగ్గా తినలేదని మొహమే చెబుతోంది. దేవనాథన్ గారు వాకిట్లో ఎండలో గొంతుక్కూర్చుని, నేలలో పాతిన జానెడు పుల్లకేసి చూస్తున్నారు.

"ఏం సామీ, ఇంకా భోజనం కాలేదా? పన్నెండు దాటిపోయిందే" అని దేవనాథన్ గారితో అన్నాను, ఏదో ఒకటి అనాలని.

అంతే, ఆయన కస్సుమన్నారు. "ఎవరు చెప్పినారు నీకు పన్నెండు దాటిందని? యుద్ధమని గడియారాలన్నీ ఒక గంట ముందుకు తోసేసినారు. తోసుకోనీ, వాళ్ల గడియారం వాళ్లిష్టం. సూర్యుణ్ణి తోసినారా? మధ్యాహ్నం కాకముందే మధ్యాహ్నపు సంధ్య ఎట్లా వార్చేది?" అన్నారు.

నిజమే. ఆ రోజుల్లో సర్కారు గడియారాలను గంట ముందుకు జరిపింది. మేం దాన్ని కొత్త టైము అనేవాళ్లం, తిట్టుకుంటూ వాడుకునేవాళ్లం. ఈయన మాత్రం దాన్ని వాకిలి దాటి రానివ్వలేదు. నేల అలికి, మధ్యలో పుల్ల నిలబెట్టి, చుట్టూ తాడుతో గుండ్రంగా ఒక వట్టం గీసుకున్నారు. వట్టం మీద పడమటి పక్కన ఒక గులకరాయి, తూర్పు పక్కన ఒక గులకరాయి ఉన్నాయి. రెండింటికీ సరిగ్గా నడుమనుంచి పుల్ల దాకా ఒక గీత ఉంది. పుల్ల నీడ ఆ గీత దగ్గరికి వస్తోంది.

నా నోరు ఊరుకోదు కదా. "దీనికి ఇన్ని రాళ్లెందుకు సామీ? నీడ ఎప్పుడు మరీ పొట్టిగా ఉంటే అప్పుడే గదా మధ్యాహ్నం?" అన్నాను.

ఆయన నాకేసి జాలిగా చూశారు. "పొట్టిగా ఎప్పుడుందో నువ్వు చెప్పు చూద్దాం. ఆ వేళకు నీడ పొడవు మారేది కంటికి కనబడదయ్యా. అరఘడియ చూసినా అట్లే ఉంటుంది. కదలని చోట వెతికితే ఏం దొరుకుతుంది? బాగా కదిలేచోట పట్టుకోవాల. నిన్న పొద్దున నీడ చురుగ్గా కురచవుతా వచ్చి వట్టాన్ని తాకింది, అక్కడొక రాయి పెట్టినాను. మధ్యాహ్నం దాటినాక మళ్లీ పెరుగుతా పోయి అదే వట్టాన్ని తాకింది, ఇంకొక రాయి. ఎక్కేటప్పుడు ఎంత దూరంలో తాకిందో, దిగేటప్పుడూ అంతే దూరంలో తాకింది. ఆ రెంటికీ నడుమ ఏదో అదే నడినెత్తి పొద్దు. ఇంటికి దిక్కులు పెట్టేదీ ఇట్లే. మా తాత కూడా ఇట్లే చేసినాడు" అన్నారు.

అరుగు మీద ఏదో కదిలినట్టై తల తిప్పాను. శఠగోపం లేచి నిలబడి ఉన్నాడు. తండ్రి పుల్లను కాదు, ఆ రెండు రాళ్లను మార్చి మార్చి చూస్తున్నాడు. పుట్టినప్పటినుంచీ రోజూ తొక్కకుండా దాటుకుంటూ తిరిగిన వట్టం అది. "నాయనా, వట్టం పెద్దదిగా గీసినా నడుము మారదు గదా?" అన్నాడు.

"పెద్దదైతే రాళ్లు జరుగుతాయి. నడుము ఎందుకు జరుగుతుంది?"

అప్పటికి నేను తాళంచెవి అడగనే లేదు. శఠగోపం అప్పటికే వీధి మలుపు తిరిగాడు. లోపల్నుంచి కోమలవల్లి గారు, "ఆకు వేసినాను, యాడికి?" అని పిలుస్తూనే ఉన్నారు.

షెడ్డులో ఆయన మొదట చేసిన పని ఒక పాత ప్లగ్గును సుత్తితో కొట్టడం. లోపలి పింగాణీ పగిలి రాలింది, ఇనుప గొట్టం మిగిలింది. అందులోంచి ఒక బోల్టు దూర్చి నట్లతో బిగించాడు. దాన్ని తెచ్చి మొదటి సిలిండరు బెజ్జానికి ప్లగ్గులాగే బిగించాడు. ఇప్పుడు పైకి వచ్చే పిస్టను కొసదాకా పోలేదు. కాస్త ముందే బోల్టు మొనకు తగిలి ఆగిపోతుంది. మిగిలిన ప్లగ్గులన్నీ విప్పేసి, ఇంజినును ముందువైపు మెల్లగా తిప్పాడు. లోపల టక్కున తగిలి ఆగింది. సూదికి ఎదురుగా చక్రం మీద సుద్దతో గీత గీశాడు. "ఇది పొద్దుటి రాయి" అన్నాడు.

రెండో రాయి కావాలంటే ఇంజినును వెనకవైపు తిప్పాలి. హ్యాండిలు వెనక్కి పట్టదు. బండిని టాప్ గేరులో వేసి మనుషులు వెనక్కి నెట్టాలి. షెడ్డులో ఉన్న నలుగురం భుజాలు ఆనించామో లేదో మొదలాళి ఊడిపడ్డాడు. "ఆపండ్రా! కుంకం పెట్టి, నిమ్మకాయలు తొక్కించి పూజ చేసిన ఇంజిను. దాన్ని అప్రదక్షిణం తిప్పుతారా? ఇప్పుటికే ఒక చెయ్యి పోయింది సాలదా?" అని అడ్డం నిలబడ్డాడు. రోజూ రివర్సులో పోతానే ఉండాది గదా అని నేనన్నాను. "అప్పుడు బండి ఎనక్కి పోతాది, ఇంజిను ముందుకే తిరుగుతాది. నాకు తెల్దనుకున్నావా?" అని నన్నే కొట్టబోయాడు. కోపంలో కూడా ఆయనకు ఇంజిను సంగతులు బాగా తెలుసు.

శఠగోపం నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు. "మొదలాళీ, మీరు ఉత్సవంలో తేరు లాగినారా?" అని అడిగాడు.

"ఏటా లాగుతా. అదెందుకిప్పుడు?"

"మూలమలుపు కాడ తేరు గోడ పక్కకు పోతే ఏం చేస్తారు?"

అందరికీ తెలిసిందే, వెనక తాళ్లు పట్టి వెనక్కి లాగుతారు, సర్దుకున్నాక మళ్లీ ముందుకు లాగుతారు.

"దోవ సరిచేసేదానికి సామే ఎనక్కి వస్తాడే, మీ బస్సు రాకూడదా?" అన్నాడు శఠగోపం. మొదలాళి కాసేపు మీసం కొరుక్కుని, చెప్పులు విప్పి పక్కన పెట్టి, తనే వచ్చి బండికి భుజం ఆనించాడు. ఆ మనిషిని నేను ఇష్టపడింది ఆ ఒక్క నిమిషమే.

మూరెడు దూరం వెనక్కి నెట్టేసరికి మళ్లీ లోపల టక్కుమంది. పిస్టను ఇటువైపునుంచి ఎక్కి అదే బోల్టుకు తగిలింది. శఠగోపం రెండో గీత గీశాడు. నా సంచిలోంచి టిక్కెట్టు కాగితం పొడవుగా ఒకటి చింపించి, చక్రం అంచున ఒక గీతనుంచి రెండో గీతదాకా చుట్టి, గోటితో గుర్తుపెట్టాడు. దాన్ని సరిగ్గా మధ్యకు మడిచాడు. మళ్లీ చక్రానికి ఆనించి, మడత పడిన చోట సన్నగా ఒక గీటు పెట్టాడు. దొరల ఫ్యాక్టరీ గీత దానికి ఎడంగా, రెండు వేళ్ల ముందే ఉంది. రవ్వ కూడా అంత ముందుగానే పడిందన్నమాట.

"గీత తప్పంటావా?" అని మొదలాళి గుసగుసగా అడిగాడు. శఠగోపం బోల్టును ఇంకొంచెం లోపలికి బిగించి, మళ్లీ మొదటినుంచీ చేయించాడు. ఈసారి పిస్టను ఇంకా ముందే ఆగింది. సుద్దగీతలు రెండూ కొత్తచోట్ల పడ్డాయి, ఒకటి అటు, ఒకటి ఇటు దూరంగా జరిగాయి. కొత్త కాగితం కొలిచి, మడిచి, ఆనించాడు. మడత ఇందాకటి గీటు మీదే పడింది. మీద అంటే, సరిగ్గా దాని మీద. మూడోసారి బోల్టు వదులు చేసి చేశాడు. గీతలు దగ్గరికి వచ్చాయి. మడత కదల్లేదు.

అప్పుడు నిలబడ్డాను నేను, మొదట చెప్పినట్టు, నోరు తెరుచుకుని. పిస్టను ఒక్కసారి కూడా ఆ కొసకు పోలేదు. నలుగురైదుగురం నెట్టి నెట్టి, పోనివ్వకుండానే ఆపాం. పోనివ్వకుండానే అది ఎక్కడుందో వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక టిక్కెట్టు కాగితం చెప్పింది. అటు ఆరు కోట్ల మైళ్లో తొమ్మిది కోట్ల మైళ్లో దూరాన ఉన్న సూర్యుడికీ, ఇటు మసిపట్టిన మా బండి ఇనుముకూ ఒకటే న్యాయం ఉండటం ఏమిటి? ఎవరు పెట్టారు దాన్ని? గుడిలో తెర తీసినప్పుడు జనం గోవిందా అంటారే, ఆ మాట నా నోటిదాకా వచ్చింది. సిగ్గుపడి మింగేశాను. ఇప్పుడనిపిస్తుంది, అనేసి ఉండాల్సింది.

ఎందుకు తప్పిందో కూడా అప్పుడే తేలింది. రెండేళ్ల కిందట పళ్లరిగిన పాత ఫ్లైవీలుకు బదులు, యుద్ధంలో కొత్తది దొరక్క, మద్రాసులో ఏదో పాత లారీది కొని తెచ్చి బిగించారు. ఆ గీత ఆ లారీకి నిజం, మాకు కాదు. పెట్రోలుతో నడిచినంతకాలం పాత అమరికను ఎవరూ కదిలించలేదు, గీతతో పనిపడలేదు. "అయితే తప్పు నీది గాదు గదప్పా" అని మొదలాళి శఠగోపం వీపు తట్టాడు. ఆయన మొహం వికసించలేదు. "గీతను కొలిసినాను గానీ, గీత నిజమా కాదా కొలవలేదు మొదలాళీ. తప్పు నాదే. జవాబు దొరికింది, అంతే" అన్నాడు. తర్వాత కొత్త గీటును ఉలితో లోతుగా చెక్కి, దాన్నుంచి లెక్కగట్టి రవ్వను అమర్చాడు.

బేస్తవారం పొద్దున బండి తీయాలి. డ్రమ్ములో బొగ్గు రాజింది, గ్యాసు అందుకుంది. హ్యాండిలు తిప్పే మనిషి కావాలి. ఎవరూ ముందుకు రాలేదు. కాగితం, మడత అన్నీ చూసినవాళ్లమే, నమ్మినవాళ్లమే. అయినా నమ్మకం వేరు, మణికట్టు వేరు. నేనైతే టిక్కెట్ల పుస్తకం తీసి నంబర్లు సరిచూసుకోవడం మొదలుపెట్టాను. శఠగోపం పంచె ఎగ్గట్టి హ్యాండిలు వైపు నడిచాడు. మొదలాళి ఆయన రెక్క పట్టి ఆపాడు. "నీ చెయ్యి గూడా పోతే నాకు ఈ బండ్లను సూసేవాడెవడు? నువ్వు వద్దు" అన్నాడు. ఆయన విడిపించుకోబోయాడు, ఈయన వదల్లేదు.

అప్పుడు జనం పక్కకు తప్పుకున్నారు. పుత్తూరు నుంచి పొద్దుటి రైలుకు వచ్చిన గోవిందయ్య, వెనకాలే మునిరత్నమ్మ. కట్టు మార్పించుకుని నేరుగా వస్తున్నట్టున్నాడు, పసరు వాసన వేస్తోంది. వెదురు బద్దల మధ్య చెయ్యి ఉబ్బిపోయి ఉంది.

శఠగోపం తలెత్తలేకపోయాడు. చూపు మునిరత్నమ్మ పాదాల మీద ఉంచి చెప్పాడు. "అమ్మా, నువ్వడిగిందానికి జవాబు దొరికింది. గీత రెండు వేళ్లు తప్పుండాది. సూడకుండా నమ్మినాను. ఆ రెండు వేళ్లే ఆయన చెయ్యి ఇరగ్గొట్టినాయి."

గోవిందయ్య అడిగాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు సరింగా ఉండాది. మూడుసార్లు కొలిసినా."

"నువ్వు కొలిసినానంటే సాలు" అన్నాడు గోవిందయ్య. బండి ముందుకు వెళ్లి, వంగి, మంచిగా ఉన్న ఎడమ చేత్తో హ్యాండిలు పట్టుకున్నాడు.

నలుగురం ఒక్కసారిగా వద్దని అరిచాం. మునిరత్నమ్మ మాత్రం అరవలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. శఠగోపం మొదలాళి చేతిని విదిలించుకుని ఒక్క ఉరుకున వెళ్లాడు. ఆపడానికే పోతున్నాడనుకున్నాను. ఆపలేదు. గోవిందయ్య ఎడమచేతి మీద తన కుడిచెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు తియ్యి సామీ, తంతే నీది గూడా పోతాది" అన్నాడు గోవిందయ్య.

"పోతే రెండూ పోనీ. లాగు" అన్నాడు శఠగోపం.

ఇద్దరూ కలిసి లాగారు. ఒక్క లాగుకే ఇంజిను అందుకుంది. ఎదురు తన్నలేదు, దగ్గలేదు, మెత్తగా, ఒకే తీరుగా ఆడడం మొదలుపెట్టింది. షెడ్డు రేకులు వణికాయి. మొదలాళి చప్పట్లు కొట్టాడు. ప్రయాణికులు మూటలు విసురుకుంటూ ఎక్కుతున్నారు, టిక్కెట్లు టిక్కెట్లు అని నన్ను పీకుతున్నారు. నేను చూస్తున్నది ఆ ఇద్దరినే. వెనక్కి జరిగి నిలబడ్డారు. శఠగోపం ఏడుస్తున్నాడు, చెమటకు తిరునామం కరిగి ముక్కు మీదికి కారుతోంది. పట్టుకున్న చెయ్యి ఇంకా పట్టుకునే ఉన్నాడు. మునిరత్నమ్మ దగ్గరికి వచ్చి, "సామీ, ఆ చెయ్యి ఇడిసిపెడితే ఆయన్ని ఇంటికి పిల్సుకోని పోతా" అనేదాకా వదల్లేదు.